పాత కుంకుమ

2004 జూలై, ఉదయం ఏడుంపావు. మణుగూరులో సన్నని తుంపర. కొత్త మైకుసెట్టుకు పూజ అని సమ్మయ్య ఇరుగుపొరుగును పిలిచాడు. బొట్టు పెట్టబోయిన భార్య కనకలక్ష్మి చేయి ఆంప్లిఫయర్ మూలన ఆగింది. అక్కడ అప్పటికే ఎండిన కుంకుమ ఉంది.

"గిది ఎవరిదయ్యా?" అని మెల్లగా అడిగింది.

"దుమ్ముగూడెం ముత్యాలుది. బిడ్డ దవాఖానల ఉన్నదని జల్దీ అమ్మిండు. సగానికే ఇచ్చిండు."

"ఇచ్చిండా, గుంజుకున్నవా?"

సమ్మయ్య కింద పడ్డ మైకు వైరు చుట్టసాగాడు.

"కొత్తది తెమ్మని నా కమ్మలిస్తి. పాతదైతేంది, పాట పాతబడుతదా? ఆ పిల్ల మందుల పైసల కాడ బేరమాడినవు చూడు, గదే తప్పు."

వచ్చినవాళ్లతో "ఇది పాతదే అక్కా" అని చెప్పి, కొబ్బరికాయ కొట్టకుండానే, బేరంలో అతను మిగుల్చుకున్న డబ్బు తీసి కొంగున కట్టుకొని ఆమె దుమ్ముగూడెం బయలుదేరింది.

ఆ పిల్ల బతికింది. సమ్మయ్య మరో తొమ్మిదేళ్లు మైకులు కిరాయికిచ్చాడు. ముత్యాలుకు ముఖం చూపలేక, దుమ్ముగూడెంలో మాత్రం ఒక్క పెళ్లికీ కట్టలేదు.