నాలుగు సీసాలు

తమ్ముడి జుట్టు పట్టుకుని షెడ్డులోకి ఈడ్చుకొచ్చి, వాడి మొహాన్ని నాన్న పాత కారు బానెట్‌కేసి కొట్టాను. ముక్కు పగిలి రక్తం కారింది.

"ఇంజెక్టర్లు కడిగింది నువ్వే కదరా! బండి నడిదారిలో ఆగిపోయింది. ఆస్పత్రికి చేరకుండానే నాన్న పోయాడు. నీ పనితనం నీ కళ్లతోనే చూడు!"

ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లనూ గొట్టంతో సహా పైకి ఊడదీసి, ఒక్కోదాని కింద ఒక్కో గాజు సీసా పెట్టాను. ఆన్ చేస్తే పంపు ఉత్తినే గీపెట్టింది, ఒక్క చుక్కా రాలేదు. ట్యాంకులో డబ్బాడు పెట్రోలు పోసి మళ్లీ ఆన్ చేశాను. ఒక్క సీసా తక్కువ నిండినా వీడి చెయ్యి విరగ్గొట్టాలని పానా పట్టుకుని నిలబడ్డాను.

నాలుగూ సన్నటి తుంపరగా చిమ్మాయి. నాలుగు సీసాలూ గీత గీసినట్టు సమానంగా నిండాయి.

ఒళ్లు మండి, పానాతో వాడి భుజం మీద బాదాను. వాడు కూలబడ్డాడు.

"తాడు కట్టి లాక్కొచ్చాక ఈ బండిని ఎవరూ ముట్టుకోలేదు కదన్నయ్యా," అన్నాడు రక్తం ఉమ్మేస్తూ. "మరి ఇందాక పెట్రోలెందుకు పోశావు?"

పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు ఏనాడో చెడిపోయిన కారు అది. ట్యాంకులో కర్ర ముంచి చూశాకే తాళం తిప్పాలని నాన్న ఇద్దరికీ నేర్పాడు.

ఆ రోజు తాళం తిప్పింది నేను.