కొండ మీద రెండు రాత్రులు

“ఉగెట్ అమ్మమ్మ ఇంట్లో అయితే నేను రానంటే రాను!”

లిజోన్ తన ఫోన్‌ను వంటగది బల్ల మీద బోర్లా పెట్టేసింది. బంగాళాదుంపల తొక్క తీస్తున్న తల్లి నదేజ్ తల కూడా ఎత్తలేదు.

“ఏటా దీపాల పండక్కి లియోన్ వెళ్ళి అక్కడేగా దిగుతాం? ఈసారి కొత్తగా ఏమొచ్చింది నీకు?”

“ఈసారి కపుసీన్ కూడా వస్తోందిగా!”

“వస్తే ఏం? మా పిన్ని ఇంకో పక్క వేస్తుంది.”

“ఎక్కడ వేస్తుందమ్మా? ఆ సోఫాలోనా? స్ప్రింగులు నడుములో దిగుతాయి. స్నానాలతొట్టి చూస్తే వంటగదిలో, పరదా వెనక! మనం స్నానం చేస్తుంటే ఇవతల ఆవిడ ఉల్లిపాయలు వేయిస్తుంటుంది. కపుసీన్ సోమవారం బడికెళ్ళి క్లాసంతా చెప్పిందంటే నేను మళ్ళీ తలెత్తుకోగలనా?”

నదేజ్‌కు నవ్వొచ్చింది. కానీ కూతురి కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి ఆపుకుంది. బడిలో లిజోన్‌తో మాట్లాడేది ఆ కపుసీన్ ఒక్కతే.

“సరే, నువ్వు చూసిందేదో చూపించు.”

లిజోన్ గబగబా ఫోన్ తిప్పింది. “ఇదిగో. అదే క్రువా-రూస్ కొండ మీద. ఎవరో రావడం మానుకున్నారట, ఇప్పుడే ఖాళీ అయింది. మొన్న వేసవిలోనే అద్దెకివ్వడం మొదలుపెట్టారు. తెల్లటి గోడలు, విడిగా స్నానాలగది. దిగినవాళ్ళు ఏం రాశారో విను. ‘ఇంటి సంగతి సరే, ఎదుటి తలుపు పెద్దావిడే ఈ చోటుకి అసలు అందం. రైలు తప్పి ఆలస్యంగా చేరితే మాకోసం సూప్ వేడిగా ఉంచింది.’ ఇంకొకాయన రాశాడు, ‘మా బాబు మెట్ల మీద పడి మోకాలు చీరుకుంటే కట్టు కట్టి, పొద్దున్నే వాడికోసం తలుపుకి వెచ్చటి బ్రియోష్ రొట్టె తగిలించి వెళ్ళింది.’ చూశావా? ఉంటే అలాంటివాళ్ళ ఎదురుగా ఉండాలి. మనకీ ఉన్నారు, తెల్లారకముందే తలుపు దడాలున మూసి అందరి నిద్రా పాడుచేసేవాళ్ళు!”

“అదే కొండయితే పిన్ని మనకి ఎదురుపడదూ? ఏ వీధి అది?”

“డబ్బు కట్టాకే అడ్రసు ఇస్తారమ్మా, అందరికీ అంతే. అయినా అంత జనంలో ఎవరు ఎవరికి కనిపిస్తారు?”

అప్పుడే నదేజ్ ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి ఆమె చేతులు తుడుచుకుంది. ఫోన్‌ను తీయకుండా కూతురి ముందుకు జరిపింది.

“మీ అమ్మమ్మే. అబద్ధాలు నా వల్ల కాదు. నువ్వే చెప్పుకో.”

జవాబు తెలిసినా క్లాసులో నోరు విప్పని పిల్ల లిజోన్. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని హలో అనేసరికి గొంతు దానంతటదే బొంగురుపోయింది.

“ఎవరూ, నా చిట్టిదేనా?” అవతల ఉగెట్ గొంతు ఖంగుమంది. “కిటికీల్లో దీపాలు పెట్టే గాజు గ్లాసులన్నీ కడిగేశానే. నీ కిటికీ నీకే అట్టే పెట్టాను, మా పక్కింటివాళ్ళ పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వలేదు. స్నేహితురాల్ని తెస్తున్నావటగా? ఆ పిల్ల ఏం తింటుందో ముందే చెప్పు తల్లీ. పరాయి పిల్ల ముందు నేను తలదించుకునేలా చేయకు.”

“అమ్మమ్మా... మేం రావట్లేదు. నాకు... జ్వరం.” లిజోన్ రెండుసార్లు దగ్గింది.

“అయ్యో! ఎప్పట్నుంచి?”

“నిన్నట్నుంచి.”

“గొంతు వింటేనే తెలుస్తోందే. మీ అమ్మని థైమ్ ఆకు మరిగించి తేనె కలిపి ఇమ్మను. మెడకి గుడ్డ చుట్టుకో. నా గురించి బెంగపడకు, నాకు వచ్చేపోయేవాళ్ళు ఉండనే ఉన్నారు. దీపాలు ఎక్కడికి పోతాయి, వచ్చే ఏడు పెడుదువుగాని.”

లిజోన్ ఫోన్ పెట్టేసింది. నదేజ్ మళ్ళీ కత్తి తీసుకుంది. ఈసారి తొక్కతోపాటు దుంప కూడా మందంగా ఊడి వస్తోంది.

లిజోన్ బుగ్గలు నిజంగా జ్వరం వచ్చినట్టే కాలుతున్నాయి. వెంటనే ఫోన్ చేసి, తగ్గిపోయిందమ్మమ్మా, వస్తున్నాం అని చెప్పేస్తే? కానీ పరదా, దాని వెనక తొట్టి, కపుసీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం కళ్ళ ముందు మెదిలాయి. మనసు మారేలోపు తనే తల్లి సంచిలోంచి కార్డు తీసి, గబగబా ముగ్గురి పేర్లూ, కార్డు నంబరూ కొట్టి, మీట నొక్కేసింది.

“అయిపోయింది,” అంది నేల చూస్తూ.

“అయిపోయింది,” అంది నదేజ్ కూడా.

పొయ్యి మీద నీళ్ళు మరగడం మొదలయ్యేసరికి ఇంటి యజమాని దగ్గర్నుంచి సందేశం వచ్చింది. లిజోన్ పైకి చదవసాగింది.

“‘మీకు స్వాగతం! నేతగాళ్ళ మెట్ల వీధి, నాలుగో అంతస్తు, ఎడమ తలుపు...’”

ఆమె చదవడం ఆపేసింది. నదేజ్ చేతిలో కత్తి కూడా ఆగింది. ఏటా సంచులు మోసుకుంటూ ఎక్కే మెట్లు అవి. కుడి తలుపు ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

“చదువు,” అంది నదేజ్.

“‘తాళాలు ఎదుటి తలుపు మదామ్ ఉగెట్ దగ్గర తీసుకోండి...’ అమ్మా, నావల్ల కాదు.”

నదేజ్ తడిచేత్తోనే ఫోన్ అందుకుని మిగతాది చదివింది.

“‘మీ ముగ్గురి పేర్లూ ఇప్పుడే ఆవిడకి చెప్పాను. ఎందుకో మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత మిమ్మల్ని ఒక్క మాట అడగమంది, పాపకి జ్వరం తగ్గిందా అని.’”