గుడ్‌మార్నింగులే కదా

"మీ భాషను ఎంచుకోండి" అని అడుగుతోంది ఫోను.

షిఫ్టు దిగి, మొహమ్మీది బొగ్గు కూడా కడుక్కోకుండా సైకిల్ స్టాండుకొచ్చిన సదానందం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కవరు తనదే. మూలన చిట్లిన అద్దమూ తనదే. లోపల మాత్రం అప్పుడే కొన్న ఫోనులా ఖాళీగా ఉంది.

"చాచా, నా ఫోనుకేమైంది?"

రహమతుల్లా బల్ల మీది టోకెన్లు సర్దసాగాడు. గనిలో పనిచేసి రిటైరయ్యాక గేటు ముందు ఈ స్టాండు పెట్టుకున్నాడాయన. గని బాయిలోకి ఫోను తీసుకెళ్లకూడదు. అందుకే దిగేవాళ్లంతా తమ ఫోన్లు ఆయన చెక్కపెట్టెలో పెట్టి, టోకెన్ తీసుకుని పోతారు. ఇన్నేళ్లలో ఒక్క ఫోనూ గల్లంతు కాలేదు. పెళ్లాం చేతికి కూడా ఫోనివ్వని మొగుళ్లు రహమతుల్లా చేతికి నిశ్చింతగా ఇచ్చేవాళ్లు.

"నిన్నే చాచా, అడిగేది."

"గల్తీ నాదే బేటా. తాళం తీయబోయిన. తీస్తలేదు. మళ్ల గీసిన, మళ్ల గీసిన..."

సదానందానికి విషయం అర్థమైంది. ఫోన్లలో మోసాలు ఎక్కువయ్యాయని, రోజూ అందరి ముందే గీసే ప్యాటర్న్‌ను నిన్న రాత్రే మార్చాడు. పనిలో పనిగా, ఎవడైనా అదేపనిగా తప్పు గీస్తే లోపలున్నదంతా చెరిగిపోయే సెట్టింగు కూడా పెట్టుకున్నాడు. దొంగ కోసం పెట్టిన ఉచ్చులో ఇదిగో, చాచా పడ్డాడు.

"అసలు నా ఫోను తాళం నువ్వెందుకు తియ్యాలె?"

ముసలాయన తల దించుకున్నాడు. పక్కన చాయ్ బండి పూలమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఇయ్యాల్టి ముచ్చటనా అన్నా ఇది? పగటిపూట చాచీ టిఫిన్ డబ్బా తెస్తది గద. ఇద్దరు తలకాయలు దగ్గర పెట్టుకొని రోజూ నీ ఫోనే పట్టుకొని కూసుంటరు. నువ్వే ఇచ్చినవేమో అనుకున్న."

షిఫ్టు దిగినవాళ్లంతా చుట్టూ మూగారు. సదానందం పెట్టె వైపు చూపించాడు.

"గిన్ని ఫోన్లుండంగ నాదే ఎందుకు చాచా? కంపెనీ లాభాల వాటా నా ఖాతాల పడ్డదనేనా? పైసలు కావాలంటే అడిగితే ఇయ్యకపోదునా?"

"పైసల కోసం కాదు బేటా. ఖుదా కసమ్."

"మరెందుకు?"

రహమతుల్లా భుజమ్మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నువ్వు బ్యాకప్ పెట్టుకోవద్దా?" అన్నాడు తోటి కార్మికుడు ఎల్లేశం, తగువు చల్లార్చాలని. "తప్పు నీది గూడ ఉన్నది."

"తలుపు తెరిచి ఉన్నదని దొంగతనం చేస్తరా?"

ఆ మాటతో గుంపు విడిపోయింది. ఒక్కొక్కరే టోకెన్ బల్ల మీద పెట్టి, తమ ఫోను తీసుకుని వెళ్లిపోయారు. రేపట్నుంచి ఫోన్లు పూలమ్మ బండి దగ్గర పెడదామని ఎవరో అన్నారు. చాచాకు వినపడేట్టే అన్నారు.

ఇంటికొచ్చి స్నానం చేశాక సదానందం కోపం దిగి, సిగ్గు మొదలైంది. తను దొంగ అన్నది ఎవరిని? ఖైజర్ నాయనను. ఖైజర్, తనూ ఒకే షిఫ్టు, ఒకే చోట పని. మొద్దునిద్ర సదానందాన్ని ఫస్టు షిఫ్టుకు రోజూ ఫోనులో కేకేసి లేపింది వాడే. పోయిన వానాకాలం లారీ కింద పడ్డాడు. బండి, ఫోను, మనిషి, ఏదీ దక్కలేదు. అప్పట్నుంచి అలారం పెట్టుకుంటున్నా సదానందం వారానికోసారైనా లేటవుతూనే ఉన్నాడు. అలాంటి వాడి తండ్రిని నలుగురిలో నిలబెట్టి దొంగను చేశాడు. అన్నం సయించలేదు.

డిగ్రీ చదివే కూతురు హర్షిణి ఫోను పట్టుకుని కూర్చుంది. పాస్‌వర్డు కోసం తండ్రీకూతుళ్లు కాసేపు పోట్లాడుకున్నారు. చివరికి ఆమె నవ్వుతూ వచ్చింది.

"బాపూ, ఫోటోలన్నీ వచ్చినయ్. నంబర్లు వచ్చినయ్. బ్యాంకుల పైస గూడ కదల్లే."

"మరి పోయిందేంది?"

"వాట్సప్ ఒక్కటే. బ్యాకప్ అడిగినప్పుడల్లా తర్వాత, తర్వాత అని నొక్కితివి. దానికి చాచా ఏం జేస్తడు?"

"పోనీ తియ్యి. దాంట్ల ఏమున్నది, పొద్దున లేస్తే వచ్చే గుడ్‌మార్నింగులే కదా."

ఆ మాటతో గుండె తేలికైంది. మర్నాడు డ్యూటీకి పోకుండా, పగటిపూట నేరుగా స్టాండుకు పోయాడు. చెక్కపెట్టె ఖాళీగా ఉంది. రహమతుల్లా ముందు భార్య సుగ్రా బీ తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఉంది. ఇద్దరూ ఎడమెడంగా కూర్చుని ఉన్నారు.

సదానందం పోయి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"మాఫ్ చెయ్యి చాచా. నోరు జారిన. నా ఫోను మళ్ల నీ పెట్టెలనే పెడుత. అందరికి నేనే చెప్త."

"గల్తీ నాది బేటా. అడగకుండ ముట్టిన. సిగ్గయి అడగలే."

"ఏం ముట్టినవ్? నువ్వు తీసుకున్నది లేదు, నాకు పోయింది లేదు. ఫోటోలన్నీ వచ్చినయ్. పోయింది వాట్సప్ ఒక్కటే. అవి ఉంటేంది, పోతేంది!"

ఇప్పుడైనా ముసలాయన తలెత్తుతాడనుకున్నాడు సదానందం. ఆ తల ఇంకా కిందికి దిగిపోయింది. సుగ్రా బీ భర్త మొహంలోకి చూసి, మెల్లగా సదానందం వైపు తిరిగింది.

"అయితే వాట్సప్‌ల మా ఖైజర్ రోజూ నిన్ను లేపిన గొంతు గూడ పోయిందా, బేటా?"