వి-412 కి వచ్చిన మెయిళ్ళు

"ఇది కూడా కొత్తదాంట్లో పెట్టమంటారాండి?" అన్నాడు మోయిన్.

ఏలూరు వన్ టౌన్‌లో ఉన్న ఆ పెళ్ళిళ్ళ బ్యూరోకి పన్నెండేళ్ళుగా కంప్యూటర్ రిపేర్లన్నీ అతనివే. పొద్దుటినుంచీ పాత కంప్యూటర్లో సరుకంతా కొత్తదాంట్లోకి ఎక్కిస్తున్నాడు. బయోడేటాలు, ఫొటోలు, జాతకాలు ఎక్కేశాయి. ఇక మెయిల్ సెట్టింగులు మిగిలాయి.

"ఏదండీ?" అంది వైష్ణవి, తలెత్తకుండానే.

"ఈ రూల్ అండి. వి-412 నెంబరుతో ఏ మెయిలొచ్చినా మీకు కనపడకుండా పక్క ఫోల్డర్లోకి పోతుంది కదండీ. మేడమ్ అడిగితే అప్పట్లో నేనే పెట్టాను. మీకు తెలుసనుకున్నానే!"

వైష్ణవి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ బ్యూరోలో పార్టీలకి పేర్లు చెప్పరు. ఫొటో, నెంబరు, అంతే. వి-412 వైష్ణవి నెంబరు.

ముప్పై నాలుగేళ్ళు నిండాయి. తొమ్మిదేళ్ళుగా ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళందరికీ జంటలు కుదిర్చింది. తన బయోడేటా కూడా మొదట్లోనే పెట్టింది. బ్యూరో నడిపే భ్రమరాంబగారే దగ్గర కూర్చుని నింపించారు. అయితే ఏం లాభం? ఒక్కటంటే ఒక్క కబురు రాలేదు. అద్దంలో చూసుకుని చూసుకుని, తనలో ఏ లోపముందో తెలియక ఏడ్చి, ఆఖరికి ఏడవడం కూడా మానేసింది. ఇంట్లో పెళ్ళి పెళ్ళి అని వేధించేవాళ్ళు లేకపోవడమే అదృష్టం అనుకునేది. పిచ్చిది!

"పెట్టొద్దండి," అంది. "ఆ ఫోల్డర్ తెరవండి."

అరవై మూడు మెయిళ్ళు. ప్రతిదానికీ ఒకటే జవాబు. 'అమ్మాయికి సంబంధం కుదిరిపోయిందండి. ఏమీ అనుకోకండి.' అన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకీ రెండుకీ మధ్య వెళ్ళినవే. తను బ్యాంకుకీ పోస్టాఫీసుకీ తిరిగే వేళ. మౌస్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుందే అనే భ్రమరాంబగారు ఒక్క అచ్చుతప్పు లేకుండా కొట్టారు!

గుండుగొలను నుంచి శ్రీరంగనాయకులుగారైతే మూడుసార్లు రాశారు. 'మా భానుప్రకాష్ ఈ ఫొటో చూశాక ఇంకో ఫొటో చూడనంటున్నాడండి. ఒక్కసారి అమ్మాయిని చూపించండి, మీకు పుణ్యముంటుంది.'

ఆ భానుప్రకాష్‌కి పెంటపాడు లహరిని కుదిర్చింది సాక్షాత్తూ వైష్ణవే. పెళ్ళికెళ్ళి అక్షింతలు కూడా వేసొచ్చింది. అప్పుడు పెళ్ళికొడుకు తనని అదోలా ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది.

ఎంతెంత నమ్మింది ఆవిణ్ణి! ఆఫీసులో అడుగుపెట్టాక 'మేడమ్' అనాలంటే అంది. 'మీరు' అనాలంటే అంది. బ్యూరో నడిపేవాళ్ళ సొంత సంగతులు పార్టీలకి తెలియకూడదంటే నోరు మూసుకుంది. ఇద్దరూ రోజూ తాడేపల్లిగూడెం నుంచి ఒకే ప్యాసింజర్లో వచ్చేవారు. ఎవరైనా అడిగితే "తండ్రి లేని పిల్లండీ, చేరదీశాను" అనేవారు భ్రమరాంబగారు. "ఎంత మంచి మనసండీ మీది!" అనేవారు వాళ్ళు. వైష్ణవి తలొంచుకుని టైపు కొట్టుకునేది.

మూడింటికి భ్రమరాంబగారు భీమడోలులో పెళ్ళిచూపులు జరిపించి, మిఠాయి డబ్బాతో దిగారు.

"కుదిరిపోయిందే వైష్ణవీ! ముందు నోరు తీపి చేసుకో."

వైష్ణవి స్క్రీన్ ఆవిడ వైపు తిప్పింది. మోయిన్ టీ తాగొస్తానని బయటికి జారుకున్నాడు.

"ఏంటండీ ఇది?"

భ్రమరాంబగారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తీసేశారు. "నాకీ కంప్యూటర్లేం తెలుసే..."

"అరవై మూడు జవాబులు మేడమ్. నేను బయటికెళ్ళినప్పుడల్లా కొట్టారు."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "నువ్వెళ్ళిపోతే ఇదంతా ఎవరు చూస్తారే? నాకెవరున్నారు చెప్పు?"

"అందుకని నా గొంతు కోస్తారా?"

"రెండేళ్ళాగి చేద్దాంలే అనుకున్నానే. ఏటికేడు అలా గడిచిపోయింది. ఈ బ్యూరో నీ పేరున రాసేస్తాను. అంతా నీదే."

"ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు చేస్తూ నన్నిక్కడే ముసలిదాన్నైపొమ్మంటారు. అంతేగా?"

భ్రమరాంబగారు ఏడుపు మొదలుపెట్టారు. వైష్ణవి వి-412 ప్రింటు తీసుకుంది. పాత కంప్యూటర్లోంచీ, కొత్త కంప్యూటర్లోంచీ ఆ బయోడేటా తీసిపారేసింది. బ్యాగు తగిలించుకుని మెట్లు దిగింది.

"అయిదింటి బండిదాకా ఆగవే, కలిసి వెళ్దాం!" అని వెనకనుంచి కేక వినిపించింది. ఆగలేదు.

రెండు వీధుల అవతల వీరరాఘవమ్మగారి బ్యూరో ఉంది. ఆవిడ పేరెత్తితేనే భ్రమరాంబగారికి ఒళ్ళుమంట. వైష్ణవి తిన్నగా అక్కడికే వెళ్ళింది.

"నువ్వు భ్రమరాంబ చేరదీసిన పిల్లవి కదూ?" అన్నారు వీరరాఘవమ్మగారు కాగితం అందుకుంటూ. "అంత పెద్ద బ్యూరోలో కూర్చుని నా దగ్గరికొచ్చావేంటమ్మా?"

"అక్కడ నాకు కుదరలేదండి."

ఆవిడ గుచ్చి గుచ్చి అడగలేదు. కాగితం మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. "వైష్ణవి... బీకామ్... తండ్రి కీర్తిశేషులు... ఇదేంటి, తల్లి పేరు దగ్గర ఖాళీగా వదిలేశారు? మగపెళ్ళివారు ముందు అదే అడుగుతారమ్మా. ఇదిగో పెన్ను, రాసెయ్యి."

వైష్ణవి పెన్ను తీసుకుని, ఆ గడిలో 'భ్రమరాంబ' అని రాసింది.