పల్లీలు లేని చట్నీ

గోపీచంద్ మెనూ కార్డు చూసి, చెయ్యి కాలినట్టు బల్ల మీద పడేశాడు.

"దోశకి ఇంత రేటా? బంగారం రాసి కాలుస్తారా?"

కృష్ణగిరి హైవే పక్కనున్న థీమ్ పార్కు అది. లోపల ఉన్నది ఒకే ఒక్క రెస్టారెంటు. పైకప్పు నిండా ప్లాస్టిక్ తీగలు, మధ్యలో చెవులాడించే ఏనుగు బొమ్మ.

"ఆ ఏనుగు మేత కూడా మన బిల్లులోనే వేస్తారు," అన్నాడు.

భార్య చాందిని నవ్వలేదు. కూతురు దివ్యశ్రీ ఆకలికి మొహం వేలాడేసింది.

"ఒక్క పూటే కదండీ, ఇక్కడే తినేద్దాం. పాప సంగతి తెలుసుగా. బయట ఏం కలుపుతారో ఏమో."

"అడిగి తిందాం. అడిగినందుకు డబ్బులు తీసుకోరుగా!"

ఖమ్మం నుంచి హోసూరు ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చినవాడు గోపీచంద్. తమిళం ఒక్క ముక్క రాదు. ఈ పక్క ఎటు చూసినా తెలుగు వినిపిస్తుంటే ఇంక భయమేమిటని అతని ధీమా.

మళ్ళీ లోపలికి రానిచ్చేందుకు చేతుల మీద ముద్ర వేయించుకుని ముగ్గురూ బయటికొచ్చారు. గేటు పక్కనే ఇడ్లీ కొట్టు. పొగలు కక్కే ఇడ్లీలు, పక్కన తెల్లటి చట్నీ. దివ్యశ్రీ కళ్ళు వెలిగాయి.

వడ్డించే అమ్మాయిని గోపీచంద్ అడిగాడు.

"చట్నీలో పల్లీలు ఉన్నాయా?"

ఆ అమ్మాయి మొహం మాడిపోయింది.

"పల్లియా? అయ్యో సామీ! మా చట్నీలో అదెట్లుంటాది? శుద్ధంగా మూత పెట్టి ఉంచుతాము!"

"ఒక్కటి కూడా లేదు కదా?"

"ఒక్కటి పడినా మనిషి బతుకుతాడా సార్? లేదంటే లేదు!"

"అదేనమ్మా మా భయం. పోయినసారి పొరపాటున తిని, మా పాపకి ఊపిరాడలేదు," అంది చాందిని.

ఆ అమ్మాయి చాందిని వైపు వింతగా చూసి, ప్లేటు పాప చేతికిచ్చింది.

పాప ఇడ్లీ తుంచింది. చట్నీలో ముంచబోయింది.

అంతలో పక్కన గట్టు మీద కూర్చుని వక్కాకు నములుతున్న ముసలామె గబగబా వచ్చి, ప్లేటు లాగేసుకుంది.

"ఈడ తినొద్దప్పా. బిడ్డని తోడుకొని లోపలికి పో."

"ఎవరమ్మా నువ్వు? ప్లేటు ఇటివ్వు!"

"నువ్వు అడిగిందొకటి, ఈ పిల్ల చెప్పిందొకటి మాదిరి ఉండాది. నాకూ సరిగ్గా అర్థం కాలే. అర్థం కాకుండా బిడ్డకి ఎట్ల పెడతావు? లోపల అడిగి చేస్తారు. ఆడికే పో."

గోపీచంద్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఓహో! గిరాకీని లోపలికి తోలితే నీకు కమిషన్ ఎంతిస్తారు?"

ముసలామె ప్లేటు వదల్లేదు.

"ఎంతో ఒకంత ఇస్తార్లేప్పా. ముందు నువ్వు పో."

"చూశావా చాందినీ, తన నోటితో తనే ఒప్పుకుంది!"

ఎందుకొచ్చిన గొడవని చాందిని పాప చెయ్యి పట్టుకుని గేటు వైపు కదిలింది. పాప వెనక్కి తిరిగి ఇడ్లీల వైపు చూస్తూనే నడిచింది.

లోపల ఏనుగు బొమ్మ చెవులాడిస్తూనే ఉంది. ఆర్డరు రాసుకునే దర్శన్ అనే కుర్రాడు ముందే అడిగాడు.

"పాపకి పడనిది ఏమన్నా ఉండాదా సార్?"

"పల్లీలు."

దర్శన్ నవ్వు ఆపుకున్నాడు.

"చెనిక్కాయలు కదా సార్? ఈడ పల్లీ అనొద్దండి. తమిళంలో పల్లి అంటే బల్లి. మొన్న ఒకాయన 'చట్నీలో పల్లీలున్నాయా' అంటే మా వంటాయన కొట్లాటకే పోయినాడు."

గోపీచంద్ గేటు వైపు వేలు చూపించాడు.

"మరి... బయట కొట్టులో తెల్ల చట్నీ?"

"చెనిక్కాయలదే సార్. అది లేకుంటే ఈ పక్క ఇడ్లీ గొంతు దిగదు."

చాందిని పాపని ఒడిలోకి లాక్కుంది. వేళ్ళన్నీ తిప్పి తిప్పి చూసింది. ఒక్క చుక్క అంటలేదు.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు బంగారం. ఏమీ కాలేదు."

పాపకి వేరే పెనం మీద దోశ కాల్చి తెచ్చారు. చివరి ముక్క దాకా తిని, ఏనుగుకి టాటా చెప్పి వచ్చింది. బిల్లు చూడకుండానే గోపీచంద్ డబ్బులిచ్చేశాడు. పోయిన ప్రాణం లేచొచ్చిన మనిషికి దోశ రేటు గుర్తుంటుందా!

తినగానే ముసలామె కోసం బయటికి పరుగెత్తాడు. కమిషన్ అన్న మాట ముల్లులా గుచ్చుకుంటోంది.

గట్టు మీద ఆమె లేదు. వడ్డించే అమ్మాయి ఖాళీ గిన్నె తోముతోంది.

"ఇందాక మా పాప ప్లేటు లాక్కున్న పెద్దామె ఏదమ్మా?"

"కొబ్బరికాయలకి పోయినాది సార్. మీరు లోపలికి పోతానే ఆంధ్రా డ్రైవరు ఒకాయన్ని పల్లీలంటే ఏందని అడిగినాది. నేను బల్లి అనుకుంటిని సార్, తప్పయిపోయింది."

"తప్పు నాది కూడానమ్మా. చట్నీ అంతా ఏమైంది?"

"ఆయమ్మే పారబోసినాది. బిడ్డ తిరిగి తిరిగి చూసుకుంటా పోయినాది, మళ్ళా వస్తే కొబ్బరి చట్నీ పెట్టాల అనింది."

గోపీచంద్ కంగారుపడ్డాడు.

"అయ్యో, మంచి బేరం వేళ గిన్నెడు చట్నీ పారబోస్తే, మీ ఓనరు ఆమెని ఏమీ అనడా?"

ఆ అమ్మాయి తోమడం ఆపి, అతని వైపు విచిత్రంగా చూసింది.

"ఓనరు ఆయమ్మే కదా సార్."