పక్క సీటు

కారు కడగాలి, తాళాలు వెతకాలి, ఇవాళే అమ్మి పారేయాలి. డెట్రాయిట్‌లో భర్త కార్మైన్ పోయాక ఫిలొమీనా పెట్టుకున్న పనులివి.

"ఒళ్లు ఇటలీది, ఇంజను మన ఊరిది. ఇంత మంచి స్పోర్ట్స్ కారు ఎందుకమ్మా అమ్మేస్తున్నారు?" అన్నాడు కొనడానికొచ్చిన వాల్ట్.

"ప్రతి ఆదివారం ఇందులో ఏ వగలాడినో ఊరేగించేవాడు. సిగ్గులేక నన్నూ రమ్మనేవాడు. దాని ఎంగిలి సీట్లో నేను కూర్చుంటానా?"

వాల్ట్ పక్క సీటు మీది దుప్పటి తీశాడు.

"ఆయన సీటు అరిగిపోయింది. ఇది చూడండి, ఫ్యాక్టరీ వాళ్లు వేసిన ప్లాస్టిక్ కవరు కూడా నలగలేదు. ఇందులో ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదమ్మా."

ఫిలొమీనా వంగి కవరు పట్టుకుంది. చింపబోయింది.

"చింపకండి, ధర పడిపోతుంది."

"పడనీ," అంటూ కవరు చింపేసి ఆ సీట్లో కూర్చుంది ఫిలొమీనా. "ఇక బండి తియ్యి."

ఇలాంటి కారు మీకెప్పుడైనా ఎదురైతే, పక్క సీటు ఖాళీగా ఉంచిన కార్మైన్‌ను ఒకసారి తలుచుకోండి.