మట్టి సకినాలు

"అది 'ఆ' కాదే, 'ఇ'! ఇప్పుడే చెప్పిన గదనే!"

రుక్కమ్మ అరుపుకి అరుగు మీది కోడి ఎగిరి వాకిట్లో పడింది. ఆరేళ్ల సుక్కి మాత్రం కదల్లేదు. ఆ పిల్ల ముందు చాట బోర్లించి ఉంది. దాని మీద ఎండిన మట్టి అక్షరాలు వరసగా పెట్టి ఉన్నాయి.

దేశాల నడుమ లడాయి మొదలైనప్పటి నుంచి మేడ్చల్ అంగట్లో పలకలు దొరకడం లేదు. అందుకని రుక్కమ్మ మెత్తటి మట్టి తెచ్చి, జల్లించి, పిండిలా పిసికి, సకినాలు చుట్టినట్టు వేళ్లతో మెలి తిప్పుతూ అక్షరాలు చుట్టింది. చిన్నప్పుడు రెండేళ్లు బడికి పోయింది కనుక అంతవరకు ఆమెకు చేతనవును. మొదట చింతగింజలతో పేర్చింది. పిల్ల ఒకటి మింగితే? గొంతులో ఇరుక్కుంటే? గింజలు అటకెక్కాయి. తర్వాత చీపురుపుల్లలు వంచింది. పుల్ల కంట్లో గుచ్చుకుంటే? అవి పొయ్యిలోకి పోయాయి. మట్టయితే మింగినా కరిగిపోతుంది.

దసరా దాటగానే గౌరయ్య పంతులు కొత్త పిల్లలను బడిలో కూర్చోబెట్టుకుంటాడు. ఆడపిల్ల అయితే పది అక్షరాలైనా గుర్తుపట్టాలన్నాడు. సుక్కి నాయిన సిద్దిరాములు ఇంకోమాట అన్నాడు. "పట్టిందా, బడికి. లేకుంటే నాతోని గొర్లకాడికి."

మంద శామీర్‌పేట దిక్కు పోతుంది. అటు తోడేళ్లున్నాయని రుక్కమ్మకు ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో గుర్తులేదు, తోడేళ్లు మాత్రం గుర్తున్నాయి.

"పోరి మీద అరిస్తే వస్తదా?" గోడకు ఆనుకుని ఉన్ని వడుకుతున్న అత్త అందుకుంది. "నువ్వే సరిగ్గ చెప్తలేవు. గా తోక ఎటు తిరుగుతదో మళ్ల చెప్పు. నెమ్మదిగ చెప్పు."

"నాలుగుసార్లు చెప్పిన అత్తా!"

"అయిదోసారి చెప్తె నోరు అరుగుతదా? పేరుకు సదువుకున్న కోడలు. గింత ఓపిక లేదు."

రుక్కమ్మ పళ్లు నూరుకుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇదే దెప్పు. అయినా 'ఇ' చేతిలోకి తీసుకుని, మెలిక మీద వేలు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూపించింది. తలెత్తి చూస్తే సుక్కి చూపు ఇటు లేదు, అత్త మీద ఉంది.

"ఇటు సూడవే! అవ్వ మొఖంల ఉన్నయా అక్షరాలు?"

రోజూ ఇదే తంతు. ఒకనాడు పిల్లకు కళ్లు కనపడటం లేదేమోనని రుక్కమ్మకు గుండె జారింది. వాకిలి అవతల నిలబడి వేళ్లు చూపించింది. సుక్కి సరిగ్గానే లెక్కపెట్టింది. కళ్లు మంచివైతే బుర్రకే ఏదో అయిందన్నమాట. ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గారు, సుక్కికి 'ఈ' మాత్రం రాలేదు.

ఇంకోనాడు 'ఋ' మాయమైంది. ఇల్లంతా వెతికితే అత్త ఉన్నిగంపలో దొరికింది.

"నువ్వే దాసినవు గదూ?" రుక్కమ్మ చెయ్యెత్తింది.

సుక్కి తల దించుకుంది.

"పోనియ్యి, చిన్న పోరి," అని అత్త అడ్డు వచ్చింది. "ఇల్లంత మట్టి జేసి, పోరిని కొడ్తవేంది?"

"నన్ను పరేషాన్ చేసి సంపుతున్నది అత్తా ఇది! ఒక్కసారి బడిల పడు తల్లీ, ఆ పంతులే చూసుకుంటడు. ఇగ నేను ఈ మట్టి ముట్ట, 'అ' అని నోరు తెరువ. ఒట్టు!"

దసరా వెళ్లిన మరునాడు సిద్దిరాములు గొంగడి పక్కన పెట్టి చాట ముందు కూర్చున్నాడు. చదువు రానివాడు కనుక ఒక్కొక్కటే వేలితో చూపిస్తుంటే, ఒప్పో తప్పో రుక్కమ్మ చెప్పాలి.

"ఇదేంది బిడ్డా?"

"ఉ."

అది 'అ'. "తప్పు," అంది రుక్కమ్మ మెల్లగా.

పదింటికి పది తప్పులు. పొరపాటున కూడా ఒక్కటి ఒప్పు కాలేదు.

సిద్దిరాములు కోపపడలేదు. "అందరికి రావాల్నా ఏంది? రేపు పొద్దుగాల జల్దీ లే బిడ్డా, మందకాడికి పోదాం," అని గొంగడి భుజానేసుకుని దొడ్డి వైపు పోయాడు.

అత్త వడకడం ఆపింది. లేచి పెరట్లోకి పోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక్క మాట దెప్పలేదు.

రుక్కమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అక్షరాలన్నీ తట్టలోకి ఊడ్చి, పెంటకుప్పలో పోయడానికి లేచింది. సుక్కి వచ్చి తట్ట పట్టుకుంది.

"పారెయ్యకమ్మా!"

"ఎందుకే? గొర్లకు చెప్తవా?"

సుక్కి తట్ట లాక్కుని నేల మీద కూర్చుంది. 'అ' తీసి పెట్టింది. పక్కన 'ఆ'. దాని పక్కన 'ఇ'. ఒక్కోదాని మీద వేలు పెట్టి పేరు చెబుతూ, ఎక్కడా తడుముకోకుండా 'అః' దాకా పేర్చేసింది.

రుక్కమ్మ సుక్కి రెక్క పట్టుకుంది.

"వచ్చు గదనే! మరి నాయిన అడిగితే ఏమైందే నీకు రోగం?"

"చెప్తె బడికి పంపుతరు."

"పంపనీకే గదనే గిదంతా! భయమా? పంతులు కొడ్తడని ఎవరన్న చెప్పిన్రా?"

"భయం లేదు. నేను బడికి పోతే నువ్వు ఇంట్ల చెప్పుడు బంద్ జేస్తవు గదా."

"జేస్తె నీకేం తక్కువైతది? అక్కడ పంతులు చెప్తడు!"

సుక్కి పెరటి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అవ్వను బడికి రానియ్యరు గదమ్మా."